గోదావరిపై పాత వంతెన

రాజమహేంద్రవరమున గోదావరి గట్టున నిలిచిన వారికి మూడు రైలువంతెనలు కానవచ్చును. వానిలో జ్యేష్ఠమైనది 1997 నుండి బండ్లు లేక నిలిచియున్నది. దాని చరిత్ర మన చరిత్రలో నొక భాగము.

బెజవాడ నుండి కటకము వఱకు ఇనుపదారి 1893–96 సంవత్సరముల నడుమ తెఱవబడినను, గోదావరి మాత్రము అడ్డుగనే యుండెను. కొవ్వూరు కడ బండి దిగిన ప్రయాణికుడు రేవు దాటి ఆవలి యొడ్డున మరల బండి యెక్కవలసి వచ్చెడిది. వరదదినములలో ఆ దాటు ఎట్టిదో గోదావరి నెఱిగినవారికి వేఱుగ చెప్పనేల? 1897 నవంబరులో వంతెన పని యారంభమయ్యెను. కాశిలో గంగపై వంతెన గట్టిన వాల్టను దొర దీనిని నడపెను. రాతి స్తంభముల నడుమ 150 అడుగుల చొప్పున 56 అంకణములు. మొత్తము మైలున్నరకు పైగా నిడివి. 1900 ఆగస్టులో రాకపోకలు ప్రారంభమయ్యెను.

దానికి నాటి చెన్నపురి గవర్నరు హేవలాకు పేరు పెట్టిరి. ఆ మార్గము సర్కారుది. సర్కారు బొక్కసమో, రైతు చెల్లించిన శిస్తుతో నిండినది. ప్రవాహమధ్యమున స్తంభములెత్తిన కూలీల పేర్లు ఏ ఫలకముపై నున్నవి?

ఈ దేశమునకు ఇనుపదారులకంటె ముందు కాలువలు కావలయునని వాదించిన కాటను దొర, వంతెన పని సాగుచుండగనే 1899లో మరణించెను. దిగువన ధవళేశ్వరమున ఆయన గట్టిన యానకట్ట తరతరములుగ పొలములను తడిపినది. అందుచేతనే ఆంధ్రరైతు ఆయనను ఎవరి యాజ్ఞయు లేకయే తలచుకొనుచున్నాడు. గవర్నరు పేరు వంతెనకు అంటినది గాని జనహృదయమున కంటలేదు.

అయినను వంతెనను నిందింప బనిలేదు. పాలకుల సౌకర్యమునకై వేసిన ఆ దారి మీది పట్టణములలోనే 1907లో బిపినచంద్రపాలు వందేమాతర సందేశమును వినిపించెను. పుష్కరయాత్రికులను, ధాన్యపు బస్తాలను, చదువులకై పోవు బిడ్డలను ఆ వంతెన దాదాపు నూఱేండ్లు మోసినది.

కాశి వంతెన 1948లో మాలవీయ నామమును దాల్చినది. ఇచ్చటను పేరు మార్చవచ్చును. అది యొక దినపు పని. ఇనుమును త్రుప్పు తినకుండ కాపాడుట ఏటేట చేయవలసిన పని. మన సొమ్ముతో, మన కూలీల చెమటతో లేచిన కట్టడమును పాత యినుముగ తూచి యమ్ముదుమా? నిలుపుకొందుమా? స్వతంత్రులమైన మనమే దీనికి ఉత్తరము చెప్పవలయును.