పగటి దీపములు

డోర్నకల్ వీధులలో గాని, అచ్చటినుండి ఖమ్మము వైపునకును మహబూబాబాదు వైపునకును పోవు బాటలమీద గాని, మిట్టమధ్యాహ్నము ముందు దీపము వెలుగుచుండగా పరుగెత్తు మోటారు సైకిళ్లు నేడు సర్వసాధారణముగా కనబడును. ఎదురుగా వచ్చువారిలో ఎవరో ఒకరు చేయి పైకెత్తి, వ్రేళ్లు ముడిచి విప్పుచు, "అబ్బాయీ, నీ దీపము వెలుగుచున్నది సుమా!" అని సైగ చేయుటయు కద్దు. ఆ సైగ చేయువాని మనసు మంచిదే. పట్టపగలు దీపము పెట్టుట నూనె దండుగ యని తలచిన ఇండ్లలో పుట్టి పెరిగినవారము మనము. కాని ఆ మోటారు సైకిలు నడుపువాడు తన దీపమును ఆర్పజాలడు. భారతదేశమున 2017వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీనుండి తయారగు మోటారు సైకిళ్లకును స్కూటర్లకును, ఇంజను నడచుచున్నంతసేపు ముందు దీపము దానంతటదియే వెలుగవలెనని ప్రభుత్వము నిబంధన చేసినది. దీపము నార్పు మీటయే ఆ బండ్లకు ఉండదు.

సూర్యుడు వెలుగుచుండగా ఈ చిన్న దీపముతో పనియేమి? దీపములు రెండు విధములైన పనులు చేయునని తెలిసికొన్నచో ఈ ప్రశ్న విడిపోవును. తన ముందున్న వస్తువులను చూచుటకై మనుష్యుడు దీపము పట్టుకొనును. ఇది మొదటి పని. తాను ఇతరులకు కనబడుటకై పట్టుకొనుట రెండవ పని. చీకటిలో ఒకే దీపము రెండు పనులును చేయుటచేత వాని భేదము మనకు తోచదు. పగటివేళ మొదటి పని సూర్యునిది. రెండవ పని మాత్రము మిగిలియే యుండును.

ఈ రెండవ పని డోర్నకల్ వారికి క్రొత్తది కాదు. పూర్వము వరంగల్లు జిల్లాలోనుండి, 2016లో ఏర్పడిన మహబూబాబాదు జిల్లాలో చేరిన ఈ ఊరు కాజీపేట, విజయవాడల నడుమనున్న రైలు కూడలి. 1889లో బెజవాడ వరకు పూర్తియైన ఆ ఇనుప దారినుండి ఇచ్చటనే బొగ్గు గనుల వైపునకు ఒక శాఖ చీలినది. పూర్వము రైలు మార్గములమీద పగలు సిగ్నలు కంబమునకున్న రెక్కను చూచియు, రాత్రి దానికి తగిలించిన దీపమును చూచియు డ్రైవర్లు బండిని నడపెడివారు. రంగు దీపముల సిగ్నళ్లు వచ్చిన పిదప పగలును రాత్రియు దీపమే సంకేతమైనది. నిండు వెలుతురులో సైతము కొయ్య రెక్కకంటె వెలుగు చుక్క దూరమునుండి కనబడునని రైల్వేవారు అనుభవముచే గ్రహించిరి.

రైలు ఇంజనుకు ముందు దీపము గాక పసుపు వన్నె మినుకు దీపము మరియొకటి యుండును. ఏదేని ప్రమాదము సంభవించి బండి నిలిచిపోయి, ప్రక్క పట్టాలకు సైతము అడ్డము కలిగియుండునేమో యను అనుమానము కలిగినప్పుడు డ్రైవరు దానిని వెలిగించును. ఎదుటినుండి వచ్చు బండి డ్రైవరు ఆ మినుకును చూచినంతనే తన బండిని ఆపవలెను. ఆ దీపము ఒక్క అడుగు మేర దారియైనను చూపదు. అది కనబడినచో చాలును. రెండు బండ్లలోని వందలకొలది ప్రయాణికుల ప్రాణములు నిలుచును.

రోడ్డుమీదికి వత్తము. రెండు వరుసల బాటపై ఒక కారు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నది. దాని ముందు మిరప బస్తాలతో ఖమ్మము మార్కెట్టునకు పోవుచున్న లారీ యున్నది. లారీని దాటి మరల తన వరుసలోనికి వచ్చుటకు కారునకు 8 సెకండ్లు పట్టునని అనుకొందము. ఎదుటినుండి వచ్చు మరియొక బండి వేగము కూడ 60 కిలోమీటర్లే యైనచో, వాని నడుమ దూరము సెకండునకు 33 మీటర్ల చొప్పున తరిగిపోవును. 8 సెకండ్లలో తరుగునది సుమారు 265 మీటర్లు. కావున ఎదుటి బండిని అంతకంటె ఎక్కువ దూరమునుండియే గుర్తింపవలెను. ఆ దూరమున బూడిద వన్నె కారు, చింతచెట్ల నీడ పడిన నల్లని తారు రోడ్డుపై, ఆ నీడలోనే కలిసిపోవును. అచ్చట రెండు తెల్లని వెలుగులున్నచో కన్ను వానిని వెంటనే పట్టుకొనును. వచ్చునది బండియనియు, తనవైపే వచ్చుచున్నదనియు మనసునకు తోచును.

ఈ సంగతిని మొదట పట్టించుకొన్నవారు ఉత్తర దేశములవారు. అచ్చట చలికాలమున సూర్యుడు ఆకాశపుటంచునే తిరుగును. పగలే సంజవలె నుండును. ఫిన్లాండు 1972లో చలికాలమునకును, స్వీడను 1977లో ఏడాది పొడవునకును పగటి దీపములను విధించినవి. కెనడాలో 1989 డిసెంబరునుండి తయారైన క్రొత్త కార్లన్నిటికిని ఇవి తప్పనిసరియైనవి. ఐరోపా సమాజము 2011 ఫిబ్రవరినుండి క్రొత్త నమూనాల కార్లకు విధించినది. అందరును దీనిని మెచ్చుకొనలేదు; కార్లన్నియు దీపములు వెలిగించినచో తమ ఒంటి దీపము వానిలో కలిసిపోవునని మోటారు సైకిళ్లవారు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. మన ఎండ ఉత్తర దేశముల ఎండవంటిది కాదనుటయు సత్యమే. వైశాఖమాసపు మధ్యాహ్నము ఈ దీపమునకు అంతగా విలువ లేదు. తెల్లవారుజామున, వానలో, పుష్యమాసపు మంచులో, చెట్ల నీడలో దాని విలువ తెలియును.

విద్యుత్తుతో నడచు కారు విషయమున మరియొక విశేషము కలదు. అది మెల్లగా పోవునప్పుడు దాదాపు చప్పుడే చేయదు. పెట్రోలు బండి వచ్చుచున్నదని వీపు వెనుకనుండి చెవికి తెలియును. విద్యుత్ కారు వచ్చుట మేకలను తోలుకొని పోవు పిల్లవానికి తెలియకపోవచ్చును. చెవికి అందనిది కంటికైనను అందవలెను గదా! క్రొత్త విద్యుత్ కార్లు పెక్కింటికి పగటి దీపములు కర్మాగారమునందే అమర్చబడుచున్నవి. అవి లేని కారు గలవాడు తానే అమర్చుకొనదలచినచో, కారును విప్పుటకు ముందు దానిలోని విద్యుత్తు తీరును తెలిసికొనవలెను.

విద్యుత్ కారులో రెండు బ్యాటరీలుండును. పెద్దది నేల క్రింద నుండి చక్రములను త్రిప్పు మోటారునకు శక్తినిచ్చును. 2001లో బెంగుళూరున తయారై అమ్మకమునకు వచ్చిన రేవా యను చిన్న కారులో దీని బలము 48 వోల్టులు మాత్రమే. నేటి కార్లు అనేకములలో ఇది 300 వోల్టులకు మించియుండును. ఆ విద్యుత్తు సోకినచో మనిషి ప్రాణమునకే అపాయము కలుగవచ్చును. దానిని మోయు తీగలకు నారింజ వన్నె తొడుగు వేయుట ఆచారము. ఇంటిలో పని నేర్చుకొనువాడు నారింజ తీగను ముట్టరాదు, కోయరాదు, దాని తొడుగును విప్పి చూడరాదు. చిన్న బ్యాటరీ 12 వోల్టులది; దీపములు, హారను, అద్దము తుడుచు చేతులు, తలుపుల తాళములు దీనిపై పనిచేయును. పగటి దీపములకు కావలసినదంతయు ఈ చిన్న బ్యాటరీయే ఈయగలదు.

ఎంత కావలెను? ఎల్.ఇ.డి. దీపములు రెండును కలిసి సుమారు 15 వాట్లు తీసికొనుననుకొందము. 12 వోల్టులచేత భాగించినచో 1.25 ఆంపియర్లు వచ్చును. కారు ఒక కిలోమీటరు నడచుటకు 130 వాట్-గంటల శక్తి పట్టినచో, గంటసేపు ఈ దీపములు వెలుగుటచే తగ్గు ప్రయాణము సుమారు 115 మీటర్లు. పాతరకపు ముందు దీపములు రెండింటిని, ఒక్కొక్కటి 55 వాట్లది, వెలిగించి పోయినచో గంటకు 850 మీటర్ల ప్రయాణము తగ్గును. ఇదియు పెద్ద నష్టము కాదు. తీగల పనియందు నమ్మకము లేనివాడు ఏమియు అమర్చక, పగటివేళ ముందు దీపములనే క్రిందికి వంచి వెలిగించుకొని పోవుట మేలు. అట్టివారే ఎక్కువమంది యుందురు.

పనికి పూనుకొన్నవానికి ఎదురగు పెద్ద చిక్కు బజారులో దొరకు దీపముల పెట్టెలోనే దాగియుండును. దీపములతోపాటు చిన్న నియంత్రణ పేటిక యొకటి వచ్చును. కొన్ని పేటికలు పెట్రోలు కార్ల నుద్దేశించి చేయబడినవి. పెట్రోలు కారు ఆగియున్నప్పుడు దాని బ్యాటరీ 12.6 వోల్టులు చూపును. ఇంజను తిరిగినప్పుడు విద్యుదుత్పాదక యంత్రము దానిని సుమారు 14 వోల్టులకు ఎక్కించును. పేటిక ఈ పెరుగుదలను కనిపెట్టి, "ఇంజను నడచుచున్నది" అని నిశ్చయించుకొని దీపములను వెలిగించును. పెట్రోలు కారునకు ఇది చక్కని ఉపాయమే.

విద్యుత్ కారులో ఇంజను లేదు. అట్టి ఉత్పాదక యంత్రమును లేదు. పెద్ద బ్యాటరీనుండి విద్యుత్తును దించి చిన్న దానికి అందించు పరివర్తకము ఆ పని చేయును. ఈ పరివర్తకము కారు నడచునప్పుడే గాక, రాత్రి ఇంటి గోడ ప్లగ్గునుండి కారునకు విద్యుత్తు ఎక్కుచున్నప్పుడును పనిచేయును. అప్పుడును చిన్న బ్యాటరీ 14 వోల్టులు చూపును. పేటిక మోసపోవును, కదలని కారు దీపములు తెల్లవార్లు పెరటిలో వెలుగును. కొన్ని కార్లు ఊరక నిలిచియున్నప్పుడు సైతము నడుమనడుమ చిన్న బ్యాటరీని నింపుకొనును. అర్ధరాత్రి తాళము వేసియున్న కారు హఠాత్తుగా కన్నులు తెరచినచో, కారణము తెలియని ఇంటివారు దయ్యమని జడియవచ్చును!

కావున వోల్టులను కనిపెట్టు పేటికను నమ్మరాదు. కారు నడచుటకు సిద్ధమైనప్పుడు మాత్రమే విద్యుత్తు ప్రవహించు ఫ్యూజును ఒకదానిని కొలత సాధనముతో వెదకి, దానినుండి సంజ్ఞ తీసికొనవలెను. ఈ సంజ్ఞ రిలేకు పోవును. రిలే యనగా చిన్న విద్యుదయస్కాంతముతో కదలు మీట. సన్నని ప్రవాహము దానిని లాగగా, పెద్ద ప్రవాహమునకు దారి తెరచుకొనును. దీపములకు వలయు విద్యుత్తు చిన్న బ్యాటరీ ధన ధ్రువమునుండి రిలే గుండా వచ్చును. ఆ తీగకు బ్యాటరీ ప్రక్కనే 3 ఆంపియర్ల ఫ్యూజు ఉండవలెను. ఫ్యూజును తీగ చివర పెట్టినచో, నడుమ ఎక్కడనో తొడుగు ఒరసి తీగ ఇనుమును తాకినప్పుడు దానిని కాపాడువారు ఉండరు. తీగ కాలి కారు అంటుకొనును. తీగలు మెలిపెట్టి టేపు చుట్టుట రోడ్డుప్రక్క పనివాండ్రలో కానవచ్చు అలవాటు. వర్షాకాలమునకు ఆ అతుకు చిలుమెక్కును. లోహపు కొనలను నొక్కు పరికరముతో బిగించి, నీరు చొరకుండ తొడుగు వేయవలెను. కారు లెక్కలు చూచు యంత్రములకు పోవు సన్నని జంట తీగలను మాత్రము ఎన్నడును కోయరాదు.

ముందు దీపములు వెలిగినప్పుడు పగటి దీపములు ఆరిపోవలెను, లేదా మందగింపవలెను. రాత్రివేళ అవి ఎదుటివాని కన్నులలో గ్రుచ్చుకొని అతనిని గ్రుడ్డివానిని చేయును. అంతర్జాతీయ నియమము ప్రకారము పగటి దీపము వెలుగు 400 కాండెలాలకు తగ్గరాదు, 1200కు మించరాదు. ఒక క్రొవ్వొత్తి వెలుగు ఇంచుమించుగా ఒక కాండెలా. వాని రంగు తెలుపు మాత్రమే. నేలనుండి 25 సెంటీమీటర్లకు పైన, 150 సెంటీమీటర్లకు లోపల, రెండింటి నడుమ 60 సెంటీమీటర్లకు తగ్గని ఎడముతో వానిని అమర్చవలెను. మరీ దగ్గరగా నున్నచో దూరమునుండి రెండు దీపములు ఒక్కటిగా కనబడి, కారును మోటారు సైకిలని భ్రమింపజేయును. తయారుచేసినవారు నిర్దేశించిన లక్షణములకు భిన్నముగా వాహనమును మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము అడ్డగించుచున్నది. అందుచేత రవాణా కార్యాలయమునను, కారు అమ్మినవారియొద్దను ముందుగా విచారించుకొనుట యుక్తము.

పని ముగిసిన పిదప కారును చెట్టు నీడలో నిలిపి, సహాయకుడొకడు 250 మీటర్ల దూరమునుండి చూడవలెను. ముందు దీపముల మీట నొక్కి, పగటి దీపములు తగ్గుచున్నవో లేదో గమనింపవలెను. ప్లగ్గు తగిలించి, అవి వెలుగకుండుటను నిశ్చయించుకొనవలెను. అసలు పరీక్ష మరునాటి ఉదయముననే యున్నది. చిన్న బ్యాటరీ ఆరిపోయినచో పెద్ద బ్యాటరీని మోటారుతో కలుపు మీటలు కదలవు. నేల క్రింద వంద మైళ్ల ప్రయాణమునకు చాలిన శక్తి నిండియున్నను కారు అంగుళమైనను నడువదు. బావినిండ నీరుండియు చేంతాడు తెగినవాని దాహము వంటిది ఈ స్థితి. రాత్రియంతయు ఊరక నిలిచిన కారు చిన్న బ్యాటరీని తెల్లవారినపిదప, కారును మేల్కొలుపకయే, కొలిచి చూడవలెను. 12.6 వోల్టుల దాపున నున్నచో పని చక్కగా జరిగినట్లే. 12 వోల్టులకు దిగియున్నచో, దీపమో పేటికయో ఎక్కడనో విద్యుత్తును దొంగిలించుచున్నదని యెరిగి, ఫ్యూజును ఊడదీసి, మొదటి అతుకునుండి మరల వెదకుకొనుచు రావలెను.