పీ0420 వస్తే కన్వర్టర్ మార్చాల్సిందేనా?

మీ పెట్రోల్ కారులో చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది, స్కానర్ పెడితే పీ0420 వచ్చింది అనుకోండి. "క్యాటలిటిక్ కన్వర్టర్ పోయింది, మార్చాలి" అని మెకానిక్ అనగానే సరే అనేయకండి. అందులో ప్లాటినం, పలాడియం లాంటి ఖరీదైన లోహాలుంటాయి, బిల్లు గట్టిగా పడుతుంది.

కన్వర్టర్‌కి ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్ ఉంటాయి. ముందుదాని రీడింగ్ పైకీ కిందికీ ఊగుతుంది. వెనకది నిలకడగా ఉండాలి. అదీ అలాగే ఊగితే ఈ కోడ్ పడుతుంది.

కానీ సైలెన్సర్ పైపు లీకైనా, వెనక సెన్సర్ పాడైనా ఇదే కోడ్ రావచ్చు. ముందు అవి చెక్ చేయించండి. మిస్‌ఫైర్ ఉంటే అది సరిచేయించాకే కొత్తది వేయించండి, లేదంటే అదీ కాలిపోతుంది. కోడ్ డిలీట్ చేస్తే లైట్ ఆరుతుందంతే, జబ్బు తగ్గదు!