మందుల చీటీ తడిసిపోతే?

"చిన్న తెల్లబిళ్ళ సార్, పొద్దున ఒకటి." మైపాడు తీరాన వేటకు వెళ్ళేవారు తమ బి.పి. మందు గురించి నాతో చెప్పేది ఇంతే. చీటీ పడవలో తడిసిపోయి ఉంటుంది. తెల్లబిళ్ళలు ఎన్ని రకాలో! ఏదని రాసివ్వను?

2021 సెప్టెంబరు 27న కేంద్రం దేశమంతటా ఆరంభించిన డిజిటల్ ఆరోగ్య పథకం ఈ చిక్కు తీర్చడానికే. ఆధార్ చూపితే 14 అంకెల 'ఆభా' నంబరు ఉచితంగా ఇస్తారు. మీ పరీక్షలు, మందుల వివరాలు దానికి జతపడితే, మీరు ఒప్పుకున్న మీదట చెన్నై డాక్టరైనా చూడవచ్చు.

అయితే నంబరు తీసుకోగానే వివరాలు వాటంతటవి చేరవు. ఎవరో ఒకరు కంప్యూటరులో ఎక్కించాలి. రోగులు కిక్కిరిసిన రోజున మేమే మరచిపోతాం. మొహమాటపడక అడగండి. పెన్సిలిన్ పడనివారైతే తప్పక అడగాలి. చీటీని మాత్రం పారేయకండి, ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇంట్లో దాచండి.