అమ్మకానికి రాని కంప్యూటర్ల కథ

మన హాస్టల్లో మొదటి గదిలో పుట్టిన మాట చివరి గదికి చేరేసరికి ఎంత మారిపోతుందో మనందరికీ తెలుసు. కంప్యూటర్ల చరిత్రలోనూ ఇలాంటి మాటలు చాలా ఉన్నాయి. "ఫలానా కంపెనీ అద్భుతమైన కంప్యూటర్ తయారుచేసిందట, కానీ అమ్మలేదట!" అని ఎవరైనా అంటే నమ్మాలా, వద్దా? రెండు ఉదాహరణలు చూద్దాం.

1980లలో అమెరికా, ఐరోపా దేశాల్లో ఇంటి కంప్యూటర్లు బాగా వ్యాపించాయి. వాటిలో చాలావరకు యంత్రమంతా కీబోర్డు పెట్టెలోనే ఇమిడి ఉండేది. దాన్ని టీవీకి తగిలించి వాడుకునేవారు. 1982లో వచ్చిన కొమొడోర్ 64 వీటిలో ఎంతో పేరు పొందింది. దాని మెమరీ 64 కిలోబైట్లు, రంగులు 16.

దానికి వారసుడిగా ఆ కంపెనీ కొమొడోర్ 65 తయారీ మొదలుపెట్టింది. ఇందులో 128 కిలోబైట్ల మెమరీ, 256 రంగులు, లోపలే అమర్చిన ఫ్లాపీ డ్రైవ్ ఉన్నాయి. కానీ 1991లో ఆ పని ఆపేశారు. అప్పటికే అదే కంపెనీ ఇంతకన్నా శక్తివంతమైన అమిగా కంప్యూటర్లను అమ్ముతోంది. 1994లో కంపెనీ దివాలా తీసింది. మిగిలిపోయిన నమూనా యంత్రాలు అమ్ముడుపోయి ఔత్సాహికుల చేతికి చేరాయి. అంటే ఈ కంప్యూటర్ నిజంగా ఉంది. అయితే దాని సాఫ్ట్‌వేర్ మాత్రం పూర్తి కాలేదు. నమూనా ఉన్నంత మాత్రాన పని పూర్తయినట్లు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండోది బ్రిటన్‌లోని సింక్లెయిర్ కంపెనీ తలపెట్టిన 'లోకి'. ఇది అమిగాకు పోటీ అవుతుందని 1986లో పత్రికలో రాశారు. అదే సంవత్సరం సింక్లెయిర్ కంప్యూటర్ల వ్యాపారాన్ని ఆమ్‌స్ట్రాడ్ కంపెనీ కొనేసింది. లోకి మార్కెట్‌లోకి రానేలేదు. కానీ ఆ ఆలోచన వృథా పోలేదు. సింక్లెయిర్‌లో పనిచేసిన ఇంజనీర్లు బయటికి వచ్చి ఫ్లేర్ టెక్నాలజీ అనే సంస్థ పెట్టి ఆ పనిని కొనసాగించారు. తర్వాత వారిలో కొందరు 1993లో వచ్చిన అటారీ జాగ్వార్ అనే ఆటల యంత్రాన్ని రూపొందించారు.

కాబట్టి ఇలాంటి మాట విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. యంత్రాన్ని ఎవరైనా చూశారా? దాని పటాలు, కాగితాలు ఉన్నాయా? తయారుచేసినవారు ఏం చెప్పారు? మూడింటికీ జవాబు లేకపోతే అది ఇంకా పుకారే.

కొమొడోర్ 65 కథ అక్కడితో ముగియలేదు. మిగిలిన నమూనాలు, కాగితాల ఆధారంగా ఔత్సాహికులు మెగా65 అనే కొత్త కంప్యూటర్‌ను తయారుచేశారు. 2022 నుంచి అది కొన్నవారి ఇళ్లకు చేరింది. ముప్పై ఏళ్ల క్రితం ఆగిపోయిన పని మళ్లీ నడిచిందంటే, ఆనాటి కాగితాలను ఎవరో పారేయకుండా దాచిపెట్టడమే కారణం.

మిత్రులారా! మనం సగంలో ఆపిన ప్రాజెక్టు నోట్సును కూడా చిత్తుకాగితాల కింద అమ్మేయకండి. రేపు మన తర్వాత ఈ గదుల్లోకి వచ్చే తమ్ముడో చెల్లెలో దాన్ని పూర్తి చేయవచ్చు.