పేరు మరచిన యంత్రము

మనుష్యుని జ్ఞాపకశక్తి విచిత్రమైనది. పదియేండ్లు తన యింట పాడిన పెట్టెయొక్క రూపము, దాని దీపముల రంగు, మీట త్రిప్పినప్పుడు వ్రేళ్లకు తోచిన బరువు, ఇవన్నియు నతనికి గుర్తుండును. దాని పేరు మాత్రము గుర్తుండదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములయందు నడివయస్సు దాటిన గృహస్థులను కదిపి చూచినచో ఈ సంగతి తెలియగలదు. "మా నాయిన సౌదీ నుంచి తెచ్చిండు. ముఖం వెండి లెక్క ఉండె. రెండు ముల్లు మీటర్లు ఉండె. పేరే యాదికొస్తలేదు" అని చెప్పువారు పెక్కురు. ఆ యంత్రము స్టీరియో ఆంప్లిఫయరు. అది యిప్పుడు అటుకమీద నున్నదో, పాత ఇనుప సామానులవాని త్రాసు నెక్కినదో వారికే తెలియదు. ఈ ప్రశ్న అల్పమని కొందరు నవ్వవచ్చును. మేము నవ్వజాలము.

ఏలన, ఆ పెట్టె యెట్లు వచ్చినదో ఆలోచింపవలెను. ఎల్లారెడ్డికి చేరువనే మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరము కలదు. కాని ఆ కాలువనీరు పారని మెట్టపొలములును ఈ ప్రాంతమున విస్తారముగ నున్నవి. 1973లో చమురు ధరలు పెరిగి అరబ్బు దేశములలో కట్టడముల పని విజృంభించిన పిదప, ఆనాడు నిజామాబాదు జిల్లాలోనివై 2016 నుండి కామారెడ్డి జిల్లాగా నేర్పడిన ఈ గ్రామములనుండి వేలకొలది కూలీలు ఎడారిదారి పట్టిరి. రెండు మూడేండ్ల కొకమారు తిరిగివచ్చునప్పుడు వారి సామానులో నొక టేపురికార్డరో, ఒక ఆంప్లిఫయరో ఉండెడిది. 1991 ఆర్థిక సంస్కరణములకు పూర్వము అట్టి విదేశీ వస్తువుల దిగుమతి కఠిననిర్బంధములకు లోనై యుండుటచే, ఊరిలో దానిని మించిన వింత లేకుండెను. అది వట్టి పెట్టె కాదు. ఎండలో కరగిన చెమట ఘనీభవించి యట్లయినది. దానిని నేడు రాగికిని అల్యూమినియమునకును తూచి యమ్ముచున్నాము.

కావున దాని నానవాలు పట్టుట యెట్లు? మన తార్కికులు జ్ఞానమును స్మృతి యనియు అనుభవ మనియు విభజించి, స్మృతిని ప్రమాణమైన జ్ఞానమున చేర్చరైరి. ఈ విషయమున వారి మాట శిరోధార్యము. జ్ఞాపకము చెప్పిన పేరును నమ్మరాదు. అది చూపిన గుర్తులను మాత్రము గ్రహించి, ప్రత్యక్షముతో సరిచూచి, అనుమానముచే నిర్ణయింపవలెను. రాజు పేరు చెరిగిపోయిన శాసనమునకు లిపిని బట్టియు, బిరుదములను బట్టియు, తిథివారములను బట్టియు శాసనపరిశోధకులు కాలము నిర్ణయింతురు గదా! యంత్రమునకును లిపి కలదు. చదువుట నేర్వవలెను.

మొట్టమొదట, మనము వెదకునది యేజాతి వస్తువో తేల్చుకొనవలెను. ట్రాన్సిస్టరు 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టినది. అంతకుముందు ఎఱ్ఱగా కాగు గాజుబుడ్లే ధ్వనిని పెంచుచుండెను. రెండు మార్గముల శబ్దమునకు, అనగా స్టీరియోకు, ఆంగ్లేయుడైన అలన్ బ్లమ్‌లైన్ 1931లోనే హక్కుపత్రము కోరెను. స్టీరియో గ్రామఫోను రికార్డులు 1958 ప్రాంతమున విపణికి వచ్చినవి. ఈ రెండును కలసిన యంత్రమే మన ప్రశ్నలోనిది. అందును భేదములు కలవు. రేడియో ముల్లు, స్టేషనుల అంకెలు ఉన్నచో అది రిసీవరు. రేడియో లేక, బాస్, ట్రెబుల్ మీటలు, టేపునకును రికార్డునకును మార్చు మీటయు ఉన్నచో అది ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయరు. ఇవేవియు లేక, ఇతర యంత్రమునుండి వచ్చిన ధ్వనిని పెంచి స్పీకర్లకు పంపుట మాత్రమే పనిగా గలది పవర్ ఆంప్లిఫయరు. పవర్ ఆంప్లిఫయ రని చెప్పువారిలో బాస్ మీట త్రిప్పినట్లు గుర్తున్నవా రుందురు. ఒక్క మీట స్మరణకు వచ్చినంతనే సగము వెదకులాట తీరును.

మరియొక పొరపాటు మన గ్రామములలో సహజము. పెండ్లిపందిళ్లలోను, వినాయకచవితి మండపములలోను, బతుకమ్మ ఆటలలోను మ్రోగిన టెంటుహౌసు ఆంప్లిఫయరును ఇంటి ఆంప్లిఫయరుతో కలిపివేయుదురు. 1940లో ఢిల్లీయందు స్థాపితమైన అహుజా సంస్థవంటివారి సభాయంత్రములు సామాన్యముగా నొంటిమార్గపువి. వాని వెనుక 4, 8, 16 ఓములతోపాటు 70 వోల్టులు, 100 వోల్టులు అను గుర్తులుండును. దూరపు మైకుకొమ్ములకు తీగె లాగుటకై యేర్పడినవి యవి. ఇంటి స్టీరియో యంత్రమునకు ఎడమ, కుడి అని రెండు జతల తీగెలు బిగించు చోటులుండును. కనుక ముందువైపు గుర్తులేకున్నను వెనుకవైపును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ముఖము అలంకారము, వీపే సాక్ష్యము.

ఆ వీపుమీదనే రెండవ సాక్ష్యము కలదు: విద్యుత్పీడనము. మన దేశమున 230 వోల్టులు. జపానులో 100, అమెరికాలో 120. సౌదీ అరేబియాలో చిరకాలము 127 వోల్టులును 220 వోల్టులును రెండును వాడుకలో నుండెను. అందుచేత ఎగుమతికై చేసిన జపాను యంత్రముల వెనుక 110, 120, 220, 240 అని మార్చుకొను చిన్న మీట ఉండుట కలదు. అది యున్నచో యంత్రము పలుదేశముల విపణికై చేసినదని గ్రహింపవచ్చును. 100 వోల్టులు మాత్రమే వ్రాసియున్నచో అది జపానువారు తమ యిండ్లకై చేసికొన్నది. దానిని తిన్నగా మన గోడప్లగ్గున పెట్టిన క్షణముననే దాని కథ ముగియును.

మూడవ సాక్ష్యము లోపల నున్నది. తీగె ఊడదీసి, యెరిగిన మిస్త్రీచేత మూత తెరిపింపవలెను. తీగె ఊడదీసిన పిమ్మటను పెద్ద కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచియుండును గనుక తెలియనివారు చేయిపెట్టరాదు. ట్రాన్సిస్టర్లమీది సంఖ్యలు దేశమును చెప్పును. 2ఎన్ అని మొదలైనచో అమెరికా పద్ధతి. 2ఎస్‌ఎ, 2ఎస్‌బి, 2ఎస్‌సి, 2ఎస్‌డి అనునవి జపాను పద్ధతి. అందును మొదటి రెండు గుర్తులు విడిచి సి, డి అని మాత్రమే అచ్చువేయుట వారి యలవాటు. బి.సి., బి.డి. అనునవి ఐరోపా పద్ధతి; మొదటి అక్షరము బి యైనచో సిలికాను, ఎ యైనచో జెర్మేనియము. ఎ.డి.149 వంటిది కనబడినచో యంత్రము ప్రాయికముగా జెర్మేనియపు కాలము నాటి దనుకొనవచ్చును. 1970లలో సిలికాను దానిని త్రోసివేసినది. ఇంతేకాదు, పెక్కు భాగములమీద నాలుగంకెల గుర్తొకటి యుండును. 7832 అని యున్నచో అది 1978వ సంవత్సరపు 32వ వారమున తయారైనదని యర్థము. ఏ యంత్రమును తనతో పుట్టిన భాగములన్నిటిలో కడపటిదానికంటె ముందు పుట్టియుండజాలదు. కాని మరమ్మతులో మార్చిన భాగము మోసపుచ్చును. కనుక ఒక్క సాక్షిని నమ్మక, పదిమంది మాటను చూడవలెను.

వాట్ల విషయమున జ్ఞాపకమునకంటె ప్రకటనలే యెక్కువ మోసము చేసినవి. ముఖముమీద వేయి వాట్లని వ్రాసి, పి.ఎం.పి.ఓ. అను నాలుగక్షరములను చాటున నుంచిన పెట్టెలను మన ప్రజలు కొనియున్నారు. అమెరికాలోనే ఈ యతిశయోక్తి మితిమీరగా ఫెడరల్ ట్రేడ్ కమిషను 1974లో నియమము చేయవలసివచ్చినది. పరీక్ష సులభము. 8 ఓముల స్పీకరునకు 50 వాట్ల నందించుటకు 20 వోల్టులు కావలెను. 100 వాట్లకు రమారమి 28 వోల్టులు. వెనుకపలకమీద యంత్రము వాడుకొను విద్యుత్తు 60 వాట్లని యున్నచో, అది నిలుకడగా 200 వాట్లు వెలువరింపజాలదు. తిన్నదానికంటె ఎక్కువ మోయు ఎద్దు ఏ సంతలోను లేదు.

ఇట్లు గుర్తులు కూర్చినపిదప, కానివానిని త్రోసివేయుచు పోవలెను. తార్కికులు దీనినే పరిశేషానుమాన మందురు. ఉదాహరణకు, ఇంగ్లండు క్వాడ్ సంస్థవారి 303 అను పవర్ ఆంప్లిఫయరు 1967లోను, 405 అనునది 1975లోను వచ్చినవి. మొదటిది ఒక్కొక్క మార్గమున 45 వాట్లు, రెండవది 100 వాట్లు. రెండింటికిని ముఖమున ముల్లుమీటర్లు లేవు. కావున మీటర్లు నిశ్చయముగా గుర్తున్నవారు ఆ పేర్లను విడువవలెను. 1970ల యారంభమున అమెరికాలో వచ్చిన ఫేజ్ లీనియర్ 700నకు రెండు పెద్ద మీటర్లు కలవు. కాని అది మార్గమునకు 350 వాట్ల మహాయంత్రము. చిన్న పెట్టెగా గుర్తున్నచో అదియు కాదు. ఒక్కొక్క గుర్తు పది పేర్లను తుడిచివేయును. మిగిలిన రెండుమూడు పేర్ల చిత్రములను ఇంటిలోని పెద్దలకు వేరువేరుగా చూపవలెను. ఒకరి మాట వినక మరియొకరు అదే చూపినచో నిర్ణయము బలపడును.

ఇక ముఖ్యమైన మాట. ఇన్ని చేసినను పేరు దొరకకపోవచ్చును. అప్పుడు మనవారు నిరాశ చెంది, "ఇది కంపెనీది కాదు, అసెంబుల్డు" అని విసిరివేయుదురు. ఇక్కడనే మా కభ్యంతరము. ఆ పెట్టె తెరిచినచో 2ఎన్3055 అను లోహపు ట్రాన్సిస్టర్లు వరుసగా కనబడును. పైభాగమునకును క్రిందిభాగమునకును అదే సంఖ్య. జతకు కావలసిన విరుద్ధజాతి ట్రాన్సిస్టరు దొరకుట కష్టమైన కాలమున, ఒకే జాతితో పని గడుపు ఉపాయమిది, 1956లో హెచ్.సి. లిన్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించినది. దాని ప్రక్కనే ఎస్.ఎల్.100 వంటి దేశీయ ట్రాన్సిస్టరు కనబడవచ్చును. 1954లో బెంగుళూరున నెలకొన్న భారత్ ఎలక్ట్రానిక్సు, 1964లో నెలకొన్న కాంటినెంటల్ డివైస్, 1967లో హైదరాబాదున వెలసిన ఇ.సి.ఐ.ఎల్., 1970లో కలకత్తాలో పుట్టిన సోనోడైన్, ఇవన్నియు స్వతంత్రభారతము తన చేతులతో తాను విద్యుద్యంత్రములు చేసికొనుటకు పడిన పాటులోని మెట్లు. ఆ మెట్ల అడుగున నిలిచినవాడు పేరులేని మిస్త్రీ. కోఠిలోని గుజరాతీ గల్లీలో భాగములు కొని, బస్సులో తెచ్చి, ట్రాన్సుఫార్మరు చుట్టించి, రేకు వంచి పెట్టె చేసి, తన గిరాకీదారు చెప్పిన విధముగా ధ్వని పలికించినవాడు. అతడు తన పేరు వ్రాసికొనలేదు. ఒక్కొక్కప్పుడు గిరాకీదారు కోరికపై విదేశీ పేరే అతికించినాడు. పేరుకోసము వెదకువారు విదేశీనామము దొరకనంతనే వస్తువును హీనముగా చూచుట దాస్యమనస్కత కాక మరేమి? రాజ్యము మారినంత సులభముగా మనస్సు మారదు.

పాత యంత్రమును కనుగొన్నవారు ఉత్సాహముతో తొందరపడి మీట నొక్కరాదు. ఏండ్ల తరబడి వాడని కెపాసిటర్లు ఎండిపోయి యుండును. మన మిస్త్రీ లెరిగిన పద్ధతి యొకటి కలదు: 60 లేక 100 వాట్ల తీగెబల్బును యంత్రముతో వరుసలో కలిపి విద్యుత్తు నిచ్చుట. బల్బు ఒక్కసారి మెరసి మసకబారినచో మంచిది; నిండుగా వెలుగుచునే యున్నచో లోపల దోషమున్నది, వెంటనే ఆపవలెను. రెండు రూపాయల ఆదాకై పోయి, మరల దొరకని భాగములను కాల్చుకొనుట వివేకము కాదు.

చేయవలసినది స్వల్పము. ప్రతి యింటివారును తమ పాత యంత్రము వెనుకపలకను చేతిఫోనుతో చిత్రము తీసి, ఎవరు, ఎప్పుడు, ఎక్కడినుండి తెచ్చిరో రెండు పంక్తులు వ్రాసి యుంచవలెను. తెచ్చినవారు బ్రదికియున్నప్పుడే యడిగి వ్రాయవలెను. కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణములలోని వృద్ధ మిస్త్రీలవద్ద నున్న విద్యున్మార్గచిత్రములను, పాత రసీదులను గ్రంథాలయములు సేకరింపవలెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినప్పుడు, తెలుగు పుస్తకములకు నిలువనీడ యెందుకని యడిగినవారు లేకపోలేదు. ఆ నిలయమే లేకున్న మనకు మిగిలియుండునది యెంత? చేతిపనియు విద్యయే, దానికిని భాండాగారము కావలెను. తాళపత్రములు చెదలపాలైన పిదప విలపించిన జాతి మనది. ఇనుప సామానులవాని త్రాసులో రెండవమారు అట్లే జరుగకుండ చూచుకొనుట మన చేతులలో నున్నది.