పైలట్ల ఇంటికి ఫర్లో ఉత్తరము



మన మిషను కాంపౌండులలో పెరిగిన పెద్దలకు ఫర్లో అను మాట కొత్తది కాదు. దొరగారు, దొరసానిగారు కొన్ని సంవత్సరములు సేవచేసిన తరువాత ఓడ ఎక్కి సెలవు మీద స్వదేశము వెళ్ళేవారు. దానినే ఫర్లో అనేవారు. నెల్లూరులో సేవచేసిన లైమన్ జూయెట్ దొరగారు 1862లో అమెరికా వెళ్ళినప్పుడు, ఫలము కనబడని ఈ తెలుగు మిషనును ఇక మూసివేద్దామని అక్కడి పెద్దలు ఆలోచన చేస్తున్నారు. ఆయన ససేమిరా అన్నారు. 1865లో క్లౌ దొరగారిని వెంటబెట్టుకొని మరల నెల్లూరు చేరుకొన్నారు. కనుక ఫర్లో అంటే వెళ్ళినవారు తిరిగి వస్తారనే మన పెద్దల నమ్మకము.

అదే మాట అమెరికాలో విమానము నడిపే పైలట్ ఇంట వినబడితే భార్యాభర్తలు ఆ రాత్రి నిద్రపోరు. అక్కడ ఫర్లో అంటే జీతము లేని సెలవు. ప్రయాణికులు తగ్గి కంపెనీకి నష్టము వచ్చినప్పుడు కొందరు పైలట్లకు ఉత్తరము పంపుతారు. ఫలానా తేదీనుండి మీరు రానవసరము లేదు, పని పెరిగినప్పుడు పిలుస్తాము అని దాని సారాంశము. ఉద్యోగము పోయినట్టు కాదు, ఉన్నట్టూ కాదు. ఎప్పుడు పిలుస్తారో ఆ ఉత్తరములో ఉండదు.

పైలట్లతో మనకేమి పని అని మీరు అడుగవచ్చు. వారు పెద్ద జీతగాండ్రు, మనము వానకొరకు మబ్బువైపు చూసేవారము. మేమును మొదట అలాగే అనుకొన్నాము. అయితే వారి సంగతి చదివినకొద్దీ, మన సంఘములో మేము చేసిన ఒక పొరపాటు మాకు గుర్తుకు వచ్చింది. దానిని చివరలో చెప్తాము.

ఈ ఉత్తరము ఎవరికి పంపాలో తేల్చేది సీనియారిటీ జాబితా. పైలట్ చేరిన తేదీని బట్టి అతనికి ఒక నంబరు ఇస్తారు. ఒకే రోజున చేరినవారిలో ఎవరు ముందు అనేది కొన్ని కంపెనీలు వయస్సును బట్టి తేలుస్తాయి. ఏ విమానము నడపాలి, ఏ ఊరిలో ఉండాలి, క్రిస్మసుకు ఇంట ఉంటాడా లేదా, ఎప్పుడు కెప్టెన్ అవుతాడు, అన్నీ ఆ నంబరును బట్టియే. ఎంత చక్కగా నడిపినా నంబరు ముందుకు జరుగదు. పైవారు పదవీ విరమణ చేస్తేనే, అనగా 65 ఏళ్ళు నిండితేనే, లేక మానుకొంటేనే జరుగుతుంది. కష్టకాలము వచ్చినప్పుడు కోత క్రిందినుండి మొదలవుతుంది. చివర వచ్చినవాడు మొదట వెళ్తాడు. పిలిచేటప్పుడు మాత్రము పైనంబరువారిని ముందు పిలుస్తారు.

ఇంకొక కంపెనీకి పోవచ్చు గదా అంటారా? పోవచ్చును, గాని అక్కడ జాబితాలో అడుగున చేరాలి. ఇరువది ఏళ్ళు కెప్టెన్‌గా ఉన్నవాడు కూడా కొత్తగా వచ్చిన కుర్రవాని వెనుక నిలబడాలి. జీతము కూడా మొదటి మెట్టునుండే. అందుకే చాలామంది తమ నంబరును వదలుకోలేక ఏళ్ళ తరబడి పిలుపుకొరకు కాచుకొని ఉంటారు. కొందరు లారీలు నడుపుతారు, కొందరు ఇండ్ల అమ్మకములో దిగుతారు, కొందరు పరదేశపు కంపెనీలకు వెళ్ళి నెలల తరబడి పిల్లల ముఖము చూడరు.

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్, వాషింగ్టన్ నగరములలో విమానములతో చేసిన దాడి మీకు తెలిసినదే. ఆ తరువాత జనము విమానము ఎక్కుటకు భయపడ్డారు. కొద్ది రోజులలోనే అమెరికన్, యునైటెడ్ అను రెండు పెద్ద కంపెనీలు చెరి 20,000 మందిని తగ్గిస్తామని ప్రకటించాయి. 2002 ఆగస్టులో యు.ఎస్. ఎయిర్‌వేస్, డిసెంబరులో యునైటెడ్ దివాలా కోర్టుకు వెళ్ళాయి. డెల్టా, నార్త్‌వెస్ట్ 2005 సెప్టెంబరులో అదే దారి పట్టాయి. పిలుపు కొరకు పదేళ్ళకు పైగా ఎదురుచూసిన పైలట్లు ఉన్నారు. పదేళ్ళంటే ఉత్తరము వచ్చిననాడు ఒడిలో ఉన్న బిడ్డ హైస్కూలు ముఖము చూస్తుంది.

వారిలో టి.డబ్ల్యు.ఏ. పైలట్ల సంగతి మరీ కష్టము. 2001 ఏప్రిల్‌లో వారి కంపెనీని అమెరికన్ కొన్నది. రెండు జాబితాలను ఒకటి చేసినప్పుడు టి.డబ్ల్యు.ఏ. వారిలో ఎక్కువమందిని అమెరికన్ జాబితా అడుగున కుట్టివేశారు. ఎన్నో ఏళ్ళ అనుభవముగలవారు నిన్న మొన్న చేరినవారి క్రిందికి వెళ్ళారు. కంపెనీ చేతులు మారిన కొన్ని నెలలకే దాడులు జరిగాయి, కోత మొదలైంది, అడుగున ఉన్నవారే బయటపడ్డారు. ఇందులో వారు చేసిన తప్పేమి?

కోత పడనివారికి కూడా సుఖము లేదు. 2009 జనవరి 15న పక్షులు తగిలి రెండు ఇంజిన్లు ఆగిపోతే, హడ్సన్ నది నీళ్ళమీద విమానమును దింపి అందులోని 155 మందిని బ్రతికించిన కెప్టెన్ సల్లెన్‌బర్గర్ పేరు లోకమంతా మారుమ్రోగింది. మరుసటి నెలలో ఆయన అమెరికా కాంగ్రెసు ఎదుట కూర్చుండి, అంతకుముందు సంవత్సరములలో తన జీతము నూటికి 40 వంతులు తగ్గిందనీ, తన పెన్షను పోయిందనీ చెప్పారు. చప్పట్లు కొట్టిన లోకము ఆ సంగతిని అంతగా పట్టించుకొన్నట్టు లేదు.

ఇక కోవిడ్ కాలము. 2019 ఏప్రిల్ మధ్యలో ఒకనాడు అమెరికా విమానాశ్రయముల తనిఖీ దాటి వెళ్ళినవారు 22 లక్షలమంది. 2020 ఏప్రిల్ 14న దాటినవారు 87,534 మంది మాత్రమే. ఆ సంవత్సరము మార్చి నెలాఖరున అక్కడి ప్రభుత్వము జీతముల నిమిత్తము ప్రయాణికుల విమాన కంపెనీలకు 2,500 కోట్ల డాలర్లు కేటాయించి, సెప్టెంబరు 30 వరకు ఎవరినీ తీసివేయకూడదని షరతు పెట్టింది. వేసవి అంతా పైలట్ల ఇండ్లలో క్యాలెండరు మీద ఆ ఒక్క తేదీయే. అక్టోబరు 1న అమెరికన్ కంపెనీ 19,000 మందిని ఫర్లోకు పంపింది. అందులో 1,600 మంది పైలట్లు. 1971నుండి నడుస్తూ ఎన్నడూ ఎవరినీ ఫర్లోకు పంపని సౌత్‌వెస్ట్ కూడా డిసెంబరులో 6,828 మందికి ముందస్తు నోటీసులు ఇచ్చింది. ఆ నెలాఖరున మరల ప్రభుత్వ సహాయము రాగా వాటిని వెనుకకు తీసుకొన్నది.

యునైటెడ్‌లో జరిగినది వేరు. అక్కడ సుమారు 13,000 మంది పైలట్లలో 2,850 మందికి ఫర్లో తప్పదన్నారు. అప్పుడు యూనియను వారు కంపెనీతో కూర్చుండి ఒక ఒప్పందము చేశారు. ఉన్న పనిని అందరూ పంచుకోవాలి, ప్రతివాని గంటలు తగ్గాలి, దానితోపాటు జీతమూ తగ్గాలి. దీనిమీద పైలట్లే ఓటు వేయాలి. పైనంబరు కెప్టెన్‌కు ఫర్లో భయము ఏ కోశానా లేదు. అతడు ఔనంటే తన చేతినుండి డబ్బు పోతుంది, కాదంటే ముక్కుముఖము తెలియని ఒక చిన్నవాని ఉద్యోగము పోతుంది. 2020 సెప్టెంబరు చివరిలో ఓట్లు లెక్కించగా సగముకన్న ఎక్కువమంది ఔనన్నారు. ఆ 2,850 మందికి ఫర్లో తప్పింది.

కాదన్నవారిని మేము తప్పుపట్టము. 2001 తరువాత ఒకసారి వదలుకొన్న జీతము ఏళ్ళ తరబడి తిరిగి రాకపోవడము చూసినవారు వారిలో ఉన్నారు. వారికీ బిడ్డల ఫీజులు, ఇంటి అప్పులు ఉన్నవి. అయినను ఆ ఓటు సంగతి చదివినప్పుడు మత్తయి సువార్త 20వ అధ్యాయములోని ద్రాక్షతోట మా కన్నులయెదుట నిలిచింది. ప్రొద్దున చేరినవారికిని, ప్రొద్దు గుంకే వేళ చేరినవారికిని ఒకే కూలి ఇచ్చిన యజమాని కథ అది. కూలి అడ్డామీద నిలబడినవారెవరైనా దానిని ఎరుగుదురు. సాయంత్రమువరకు అక్కడ నిలిచినవారు సోమరులు కారు, వారిని పిలిచినవాడు లేడు. ముందు వచ్చినవారు సణిగినట్టు ప్రభువు చెప్పెను. యునైటెడ్ ఒప్పందములో ముందు వచ్చినవారు తమ కూలిలోనుండియే తీసి ఇచ్చారు. ఇది మేము ఉపమానమునకు చెప్పే వ్యాఖ్యానము కాదు, చదువుతుండగా మనస్సుకు తోచినది.

పైలట్ ఇంటిలో మరియొక భయము ఉన్నది. నలభై దాటిన కెప్టెన్ ఆరు నెలలకొకసారి వైద్య పరీక్షలో నెగ్గితేనే విమానము నడపగలడు. మనస్సు క్రుంగినదని డాక్టరుతో చెప్తే ఆ సర్టిఫికెట్ ఎక్కడ ఆగిపోతుందోనని చాలామంది నోరు విప్పరు. పని లేదు, దిగులు చెప్పుకొనే చోటూ లేదు. యూనిఫారము బీరువాలో వ్రేలాడుతుంది. పిల్లలు మాత్రము "నాన్నా, ఈ రోజు కూడా ఇంట్లోనేనా?" అని సంతోషముగా అడుగుతారు.

మన దేశములోను ఇటువంటి కష్టము వచ్చింది. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ విమానములు నిలిచిపోయినప్పుడు అందులోనివారికి నెలల జీతము బాకీ ఉన్నది. అయిదేళ్ళు గడిచిన తరువాత, 2024 నవంబరులో, ఆ కంపెనీ ఆస్తులను అమ్మి బాకీలు తీర్చవలెనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఇప్పుడు మా పొరపాటు. మా సంఘములోని ఒక యౌవనస్థుడు ఒక విమానాశ్రయములో సామాను ఎక్కించే పనిలో, కాంట్రాక్టరు క్రింద ఉండేవాడు. 2020లో విమానములు ఆగిపోగా పిలుస్తామని చెప్పి పంపివేశారు. ఉత్తరము లేదు, నంబరు లేదు. అతడు ఊరికి వచ్చాడు. ఆరాధనలు మరల ప్రారంభమైన తరువాత ప్రతి ఆదివారము గుమ్మము దగ్గర అతని చెయ్యి పట్టుకొని, "ఏమి బాబూ, పిలిచారా?" అని అడిగేవారము. ప్రేమతోనే అడిగాము. కొన్ని వారములకు అతడు గుడికి రావడము మానివేశాడు. తల్లి మాత్రము వచ్చి బుధవారపు ప్రార్థనలో అతని పేరు చెప్పి కూర్చునేది.

చాలా రోజుల తరువాత పొలము గట్టుమీద కనబడి అతడు మాతో అన్నాడు: "అయ్యగారూ, లేదు అని ప్రతివారము చెప్పలేక రాలేదండి."

మాకు మాట రాలేదు. అతడు ఆ సమయములో మా సంఘపెద్ద ట్రాక్టరు నడుపుతున్నాడు. ఆ పెద్ద తానే రోజూ నడుపుకొనే మనిషి, కూలికి డ్రైవరును పెట్టుకొనేంత కలిమి లేదు. వారములో మూడు రోజులు నీవు, మూడు రోజులు నేను అని అతనికి తాళము ఇచ్చాడట. నడుము నొప్పిగా ఉందని సాకు చెప్పాడట. ఆ నడుముతోనే మిగిలిన మూడు రోజులు బస్తాలు మోసేవాడని ఊరందరికీ తెలుసు. పెద్దగారు ఈ సంగతిని కమిటీలో ఎన్నడూ ఎత్తలేదు, మేమును అడుగలేదు.

2021లో వానలు పడిన తరువాత అతనికి ఫోను వచ్చింది. వెళ్ళే ఆదివారమున అందరికంటె ముందు వచ్చి చాపలు పరిచాడు. ఆరాధన అయిన తరువాత ట్రాక్టరు తాళము పెద్దగారి చేతిలో పెట్టి, పదకొండున్నర బస్సు ఎక్కాడు.