బొంగులో వంట



కొండమీదికి పోయి, మాంసమును నిప్పుపై కాల్చుకొని, చెట్లనీడను బంధుమిత్రులతో భుజించుట ఏ యొక్క జాతికిని సొత్తు గాదు. తుర్కీ దేశమున సెలవుదినము వచ్చెనా, ఇంటిల్లిపాదియు స్నేహితులను వెంటబెట్టుకొని కొండతోపులకు బయలుదేరుదురు. ఒక యినుప కుంపటిని గూడ గొనిపోవుదురు. దానిని వారు 'మంగల్' అందురు. కుంపటి పేరే క్రమముగా ఆ వనవిహారమునకును పేరైనది. మాంసపుముక్కలను గ్రుచ్చు చువ్వకు వారి భాషలో 'షిష్' అని పేరు. నిప్పుకడ నిలుచువాడు సాధారణముగా ఇంటి పురుషుడే. తక్కిన దినములలో వంటయింటి గడప త్రొక్కనివాడు సైతము ఆనాడు విసనకఱ్ఱ పట్టునట!

అట్టి కుటుంబ మొకటి మన రాజవొమ్మంగి కొండలకు అతిథులుగా వచ్చినదనుకొందము. వారికి మన నిప్పును వింతగాదు, మాంసమును వింతగాదు. కుంపటియు, చువ్వయు, కుండయు లేకయే వంట జరుగుట వింత. అరకు, మారేడుమిల్లి దారులలో 'బొంగులో చికెన్' అని బల్లలపై వ్రాసి అమ్ముచున్నది ఈ వంటయే. నేను మాంసము ముట్టువాడను గాను. అయినను వంటను చూచుటకును, దానికి పేరు వెదకుటకును అది యడ్డము గాదు గదా.

అమరము వల్లించినవా రెఱుగుదురు. శూలమున గ్రుచ్చి కాల్చిన మాంసమునకు శూలాకృతము, భటిత్రము, శూల్యము అని మూడు పేళ్ళును, కుండలో వండినదానికి ఉఖ్యము, పైఠరము అని రెండు పేళ్ళును అమరసింహుడు చెప్పినాడు. తుర్కీవారి షిష్ కబాబు నిస్సంశయముగా మన శూల్యమే. మన్యపు బొంగు వంట మాత్రము శూల్యమును గాదు, ఉఖ్యమును గాదు. వెలుపల కాలుచుండును, లోపల ఉడుకుచుండును. నిఘంటువులో దీనికి పేరు లేకపోయినంతమాత్రమున ఇది క్రొత్తదని యెంచరాదు. నిఘంటుకారులు కొండ లెక్కి వంటలు చూచినవారు గారు.

ఇందు నేర్పంతయు వెదురును ఎంచుకొనుటయందే యున్నది. మన కొండలలో ముఖ్యముగా రెండు జాతులు గలవు. ఒకటి గట్టి వెదురు. దాని నడుమ గుల్ల మిక్కిలి తక్కువ. చేతికఱ్ఱలకును, పనిముట్ల పిడులకును తగినది. రెండవది ముళ్ళ వెదురు. ఇది లావై, లోపల విశాలమైన గుల్ల గలది. వంటకు పనికివచ్చునది ఇదియే. పచ్చిబొంగును ఒక కణుపు అడుగున నిలుచునట్లు నఱకుదురు. ఆ కణుపే పాత్రకు అడుగు. కోడిమాంసమునకు ఉప్పు, కారము, పసుపు, అల్లము, వెల్లుల్లి పట్టించి, నూనెయు నీరును లేకయే బొంగులో నింపి, మూతికి ఆకులు కుక్కుదురు. పిమ్మట మంటపై వాల్చి, అరగంట మొదలు ముప్పావుగంట వఱకు త్రిప్పుచుందురు. త్రిప్పుట మానిన ఒకప్రక్క మాడును, ఒకప్రక్క పచ్చిగా నుండును. బొంగు నల్లబడి, ఆకుల సందునుండి ఆవిరి బుసకొట్టి, వాసన మాఱినప్పుడు వంట ముగిసినదని గ్రహింతురు.

వెదురు మండు వస్తువే గదా, నిప్పుమీద పెట్టినను ఏల కాలిపోదు? పచ్చిబొంగు గోడయందు నీరు నిండియుండును. నీరు 100 డిగ్రీలకడ మరిగి ఆవిరియగును. గోడలో తడి యున్నంతవఱకు తగిలిన వేడి యంతయు ఆ నీటిని ఆవిరి చేయుటకే వ్యయమగును. దొప్పలో నీరు పోసి సెగపై పట్టినచో నీరున్నమేర దొప్ప కాలకుండుటకును కారణ మిదియే. మాంసములోని నీరును ఆవిరియై బొంగులోనే తిరుగుచు ముక్కను ఉడికించును. మాంసపు క్రొవ్వే నూనె పని చేయును. ఎండువెదురుతో ఈ పని సాగదు. అది వంటచెఱుకు మాత్రమే. ఇంకొక జాగ్రత్త గలదు. రెండుప్రక్కలను కణుపు మూసియున్న బొంగును నిప్పులో వేయరాదు. లోని గాలియు ఆవిరియు వెలికి దారిలేక, తుపాకి పేలినట్లు పగులును. మూతికి కొయ్యబిరడా బిగింపక ఆకులే కుక్కుట ఇందుకొఱకే.

తుర్కీవారికిని దీనికి చుట్టమనదగిన వంట యొకటి కలదు. యోజ్గాత్, నెవ్‌షెహిర్ ప్రాంతములలో మాంసమును మట్టికూజాలో పెట్టి, మూతిని పిండితో మూసి వండి, వడ్డించువేళ కూజాను పగులగొట్టుదురు. దానికి 'టెస్టి కబాబు' అని పేరు. అచ్చటి అవానోస్ పట్టణపు కుమ్మరులు కిజిలిర్మక్ నది యెఱ్ఱమట్టితో పాత్రలు చేయుదురు. నది పేరునకు అర్థమును 'ఎఱ్ఱ యేరు' అనియే. ఒక్క వంటకే పాత్ర ముగియుట ఇరువుర యందును సమానము. భేద మేమనగా, మట్టిని త్రవ్వి కుమ్మరి మఱియొక కూజా చేయగలడు. బొంగును మాత్రము పొదయే మొలిపింపవలెను.

ఇచ్చటనే మన చిక్కు. వెదురుపిలక వర్షకాలమున మొలిచి, కొలదినెలలలోనే నిండు ఎత్తునకు పెరుగును. పిమ్మట లావెక్కదు, ముదురుటకు మాత్రము రెండుమూడేండ్లు పట్టును. మఱుసటి పిలకలకు ప్రాణము పోయునవి యీ లేతబొంగులే. వంటకు తడిగల లేతబొంగే మేలని వచ్చినవారెల్లరును వానినే నఱకినచో, పైకి నిండుగా గనబడు పొద కొన్నియేండ్లకు ముసలిబొంగులతో మిగిలి క్షీణించును. ఏడాది నిండని బొంగును నఱుకరాదు, పొదలో ముదురుబొంగులు కొన్ని విడువవలెను, నేలపై మొదటి కణుపునకు దిగువను నఱుకరాదు, వానకాలమున కత్తి పెట్టరాదు అనునవి అడవిశాస్త్రము చెప్పు నియమములు. ఒక్క నిడుపాటి బొంగు పెక్కు పాత్రలకు సరిపోవును. విహారమునకు వచ్చినవారు ఒక మూరెడు తీసికొని తక్కినది పాఱవేయుట నాకు కంటగింపు.

అడ్డు చెప్పుటకు మన కధికార మేది యని మీరడుగవచ్చును. అడవిపై హక్కు ఈ సీమలో చిన్నమాట గాదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము మొదలుగా పోడు వ్యవసాయమునకు కలిగిన నిర్బంధములే మన్యపు తిరుగుబాటునకు ఒక ముఖ్యకారణము. 1922 ఆగస్టు 24వ తేదీన అల్లూరి సీతారామరాజు దళము రాజవొమ్మంగి ఠాణాపై బడి ఆయుధములు గొనిపోయినది. 1927 నాటి అటవీ చట్టము వెదురును చెట్టుగా లెక్కించినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము దానిని చిన్నతరహా అటవీ ఫలసాయములలో జేర్చి, సేకరించుటకును అమ్ముకొనుటకును అడవివాసులకు హక్కు నిచ్చినది. షెడ్యూలు ప్రాంతములలో అట్టి ఫలసాయమునకు గ్రామసభయే యజమాని యని 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టము పలికినది. కావున ఏ పొదను నఱుకవచ్చును, ఏది విడువవలెను, బొంగు వెల యెంత, ఆ సొమ్ము ఎవరిది అనునవి మీరు గ్రామసభలో తీర్మానింపదగినవి. కూర వండి యమ్మువానికి వెల ముట్టుచున్నది. పొదను కాపాడినవానికి ముట్టుచున్నదా అని విచారింపుడు.

నిప్పు మాట యొకటి. ఫాల్గుణ చైత్రములలో ఆకు రాలి ఎండియుండును. ఒక్క మిణుగురు చాలును. 2021లో తుర్కీ దక్షిణతీరమున అంతల్యా, ముగ్లా ప్రాంతముల అడవులు ఘోరముగా తగులబడెను. వేసవిలో అడవులలో నిప్పు చేయరాదని అచ్చటి అధికారులు నిషేధించుచుందురు. మనకు కార్తికమే తగినది. వానలు వెనుకబట్టును, నేల తడిగా నుండును, బొంగు నీరు పట్టియుండును, వనభోజనమునకు ఉసిరినీడయు సిద్ధము.

మాంసము ముట్టనివారికి బొంగన్నము కలదు. నానబెట్టిన బియ్యము బొంగులో ముప్పాతిక వఱకు పోసి, తగిన నీరు చేర్చి, ఆకు కుక్కి అట్లే త్రిప్పవలెను. చల్లారిన పిమ్మట నిలువున చీల్చినచో, లోగోడనుండి ఊడిన తెల్లని పలుచని పొర అన్నమును చుట్టి వచ్చును. దానిని తీసివేయ బనిలేదు.